రక్షక రిలేలు: వాటి గడియారాలను సరిదిద్దుట

కార్వేటినగరం ప్రాంతంలో వేసవి చివర గాలివాన వచ్చిందంటే తోటలలో మామిడికాయ రాలడంతో పాటు కరెంటు పోవడం కూడా పరిపాటి. ఒక కొమ్మ విరిగి 11 కిలోవోల్టుల తీగలపై పడుతుంది. ఊరంతా చీకటి అవుతుంది. వాన వెలిసిన తరువాత సిబ్బంది కొమ్మను తొలగించి కరెంటు ఇస్తారు. సామాన్యులకు కథ అక్కడితో ముగుస్తుంది. కాని విద్యుత్ ఇంజనీరుకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ కొమ్మ పడినప్పుడు ఏ రిలే ముందు పనిచేసింది, ఏది తరువాత పనిచేసింది, ఏది పనిచేయవలసి ఉండి చేయలేదు అనే ప్రశ్నలకు అతడు సమాధానం చెప్పవలె.

ఒక ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకొందాం. మూడు రిలేల నుండి మూడు నమోదులు వచ్చినవి. ఊరి ఫీడరు మీది రిలే రాత్రి 10 గంటల 14 నిమిషాల 7.310 సెకన్లకు లైను తెంచమని ఆజ్ఞ ఇచ్చినట్లు వ్రాసుకొన్నది. దానికి పైన ఉన్న 33 కిలోవోల్టుల లైను రిలే 10 గంటల 13 నిమిషాల 49.650 సెకన్లకే తాను లైను తెంచినట్లు చెబుతున్నది. ఇంకా పైన, 132 కిలోవోల్టుల సబ్‌స్టేషనులోని రిలే లోపాన్ని గమనించి ఊరకున్నది. కాని అది గమనించిన వేళ 11 గంటల 14 నిమిషాల 7.212 సెకన్లు! ఈ కాగితాలను ఉన్నవి ఉన్నట్లు నమ్మితే పైలైను ముందు తెగింది, 18 సెకన్ల తరువాత ఊరి ఫీడరు తెగింది, మరొక గంటకు పై సబ్‌స్టేషనుకు సంగతి తెలిసింది అని అర్థం చెప్పుకోవాలి. ఇది అసంభవం. కరెంటు లేని లైనులో 18 సెకన్ల తరువాత ఫీడరు రిలే చూసేదేమీ ఉండదు. కనుక తప్పు రిలేలలో లేదు, వాటి గడియారాలలో ఉన్నది.

నిజంగా జరిగినది ఇది: కొమ్మ పడగానే మూడు రిలేలూ దాదాపు ఒకే క్షణంలో లోపాన్ని గమనించినవి. ఊరి ఫీడరు రిలే తన ధర్మం ప్రకారం ముందుగా ఆజ్ఞ ఇచ్చింది. కాని ఆ ఫీడరు బ్రేకరు ఇరుక్కుపోయి తెరుచుకొనలేదు. సుమారు మూడవ వంతు సెకను వేచి చూసి పైలైను రిలే తాను కలుగజేసుకొని లైను తెంచింది. దాని గడియారం 18 సెకన్లు వెనుకబడి ఉన్నది. మూడవ రిలే గడియారం సరిగ్గా ఒక గంట ముందున్నది. గడియారాలను నమ్మిన ఇంజనీరు పైలైను రిలే తొందరపడిందని తలచి, చక్కగా ఉన్న దాని అమరికను మారుస్తాడు. ఇరుక్కుపోయిన బ్రేకరు అట్లాగే ఉండిపోతుంది. రేపు తీగ తెగి నేల మీద పడినప్పుడు, దానిని తొక్కే మనిషిని కాపాడవలసినది ఆ బ్రేకరే.

రిలేకు గడియారం ఎందుకు?

రక్షక రిలే అనేది విద్యుత్ వ్యవస్థలో కావలివాని వంటిది. లైనులోని ప్రవాహాన్ని, వోల్టేజీని నిర్విరామంగా కొలుస్తూ, హద్దు మీరినప్పుడు సర్క్యూట్ బ్రేకరుకు తెరుచుకొమ్మని ఆజ్ఞ ఇస్తుంది. పూర్వపు రిలేలలో ఒక అల్యూమినియం పళ్లెం అయస్కాంత క్షేత్రంలో తిరిగి, కొంత దూరం తిరిగిన తరువాత రెండు లోహపు ముక్కలను కలిపేది. ఇంటి పాత కరెంటు మీటరులో తిరిగే పళ్లెం దానికి తోబుట్టువు. ఆ రిలే తాను పనిచేసినట్లు తెలుపడానికి ఒక చిన్న ఎర్రజెండాను పడవేసేది. ఎప్పుడు పనిచేసిందో చెప్పే శక్తి దానికి లేదు. దానిని లాగ్‌బుక్కులో వ్రాయడం డ్యూటీలో ఉన్న ఆపరేటరు పని. గోడ గడియారం చూసి నిమిషం వేస్తే చాలు అనుకొనేవారు. 1980ల నుండి గణనయంత్రం వంటి అంకాత్మక రిలేలు వచ్చినవి. ఇవి ప్రవాహ తరంగాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి, లోపానికి కొంచెం ముందు నుండి కొంచెం తరువాత వరకు తరంగ రూపాన్ని భద్రపరుస్తాయి. ప్రతి సంఘటనకు మిల్లీ సెకను వరకు కాలముద్ర వేస్తాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. సాధారణమైన రిలే లైను తెంచడానికి గోడ గడియారపు వేళతో పనిలేదు. ఇప్పుడు పగలా రాత్రా అన్నది దానికి అనవసరం. ప్రవాహం మితిమీరి ఎంతసేపు అయింది అన్నదే కావాలి. అందుచేత దాని గడియారం 1970వ సంవత్సరం చూపుతున్నా అది తన రక్షణ పని నెరవేరుస్తూనే ఉంటుంది. గడియారాలు సంవత్సరాల తరబడి నిర్లక్ష్యానికి గురి కావడానికి ఇదే ముఖ్యకారణం. తప్పు వేళ చూపే రిలే ఎవరినీ వెంటనే బాధించదు. పెద్ద ప్రమాదం జరిగిన మరునాడు బాధిస్తుంది.

రిలే లోపల కాలాన్ని లెక్కించేది ఒక క్వార్ట్జ్ స్ఫటికం. చేతి గడియారంలో ఉండేదే. అది పది లక్షలకు 20 పాళ్లు తేడాగా కంపించిందనుకొందాం. ఇది సామాన్యమైన స్ఫటికానికి తప్పు పట్టదగిన తేడా కాదు. రోజుకు 86,400 సెకన్లు గదా. కాబట్టి రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు తేడా వస్తుంది. ఎండాకాలంలో రాయలసీమ సబ్‌స్టేషను గదిలో వేడికి స్ఫటికపు నడక మరికొంత మారుతుంది. ఏ రెండు రిలేలూ ఒకే విధంగా తప్పవు. కనుక ఈ రోజు అన్నింటినీ చేతితో సరిచేసినా, వచ్చే నెలకు ప్రతి ఒక్కటీ తన దారి తాను పట్టి ఉంటుంది.

చేతి గడియారానికి నెలకు నిమిషం తేడా పెద్దది కాదు. విద్యుత్ వ్యవస్థకు అది ఒక యుగం. మన దేశంలో ఏకాంతర ప్రవాహం సెకనుకు 50 ఆవర్తాలు చేస్తుంది. ఒక ఆవర్తానికి 20 మిల్లీ సెకన్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ప్రకటించిన గ్రిడ్డు ప్రమాణాల ప్రకారం 400 కిలోవోల్టుల లైనుపై లోపం ఏర్పడితే 100 మిల్లీ సెకన్లలోను, 220, 132 కిలోవోల్టుల లైన్లపై 160 మిల్లీ సెకన్లలోను దానిని వేరుచేయవలె. అంటే రిలే గమనించడం, ఆజ్ఞ ఇవ్వడం, బ్రేకరు తెరుచుకొనడం, మెరుపు ఆరిపోవడం అంతా అయిదు ఆవర్తాలలో ముగియాలి. కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తేలోగా కథంతా నడిచిపోతుంది. ఆ కథలోని ఘట్టాలను వరుసగా పేర్చడానికి ఒక్క మిల్లీ సెకను వరకైనా ఏకీభవించే గడియారాలు అవసరం.

రెండు పెద్ద చీకట్లు

2003 ఆగస్టు 14 సాయంకాలం 4 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు అమెరికా ఈశాన్య భాగంలోను, కెనడాలోని ఆంటారియోలోను సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. విచారణ జరిపిన ఉభయదేశాల సంఘానికి వేల సంఖ్యలో నమోదులు వచ్చినవి గాని, వాటిలో పెక్కింటి కాలముద్రలు ఒక ప్రమాణానికి లోబడి లేవు. ఏది కారణం, ఏది ఫలితం అని తేల్చడానికి ముందు ఏ గడియారం ఎంత తప్పిందో తేల్చవలసి వచ్చింది. కాలంతో అనుసంధానించిన నమోదు యంత్రాలు తప్పనిసరి చేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. తరువాత అక్కడి నియమావళిలో ప్రపంచ ప్రామాణిక కాలానికి 2 మిల్లీ సెకన్ల లోపున ఉండవలెనన్న నిబంధన వచ్చింది.

మన దేశపు అనుభవం ఇంకా పెద్దది. 2012 జూలై 30 తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తర ప్రాంతపు గ్రిడ్డు కూలిపోయింది. బినా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను అధిక భారం వల్ల, లోపమేదీ లేకుండానే రిలే తెంచడంతో ఆ పతనం మొదలైంది. మరునాడు మధ్యాహ్నం 1 గంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయినవి. మొదటి రోజున దాదాపు 36,000 మెగావాట్లు, రెండవ రోజున 48,000 మెగావాట్లు సరఫరా ఆగింది. విచారణ సంఘం తన సిఫారసులలో సంక్షోభ నమోదు యంత్రాల, సంఘటన నమోదు యంత్రాల కాల అనుసంధానాన్ని సమగ్రంగా, స్వతంత్రంగా తనిఖీ చేయించాలని ప్రత్యేకంగా చేర్చింది. అంత పెద్ద విపత్తులో గడియారాల ప్రస్తావన చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, అది చిన్నది కాదు.

ఆ రెండు రోజులలో దక్షిణాది నిలిచింది. అప్పటికి దక్షిణ గ్రిడ్డు మిగిలిన దేశంతో ఏకముఖ ప్రవాహపు లంకెల ద్వారానే కలిసి ఉండేది. విశాఖపట్నం గాజువాకలోని లంకె వాటిలో ఒకటి. అట్టి లంకె శక్తిని పంపుతుంది గాని, ఒక వైపు లయతప్పితే ఆ అలజడిని రెండవ వైపుకు చేరనివ్వదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది కూడా ఒకే లయలో కలిసింది. నాటి నుండి చిత్తూరు జిల్లాలోని ఇస్త్రీపెట్టె, పంజాబులోని మోటారు పంపు ఒకే తాళానికి నడుస్తున్నవి. అలజడి కూడా ఇటునుండి అటు, అటునుండి ఇటు రాగలదు. కనుక ఇక్కడి రిలే గడియారం అక్కడి రిలే గడియారంతో ఏకీభవించవలె.

కార్వేటినగరంలో మధ్యాహ్నం ఎప్పుడు?

ఏకీభవించడం సరే, ఏ వేళతో? ఇది పాఠశాల ఆవరణలోనే పరీక్షించదగిన ప్రశ్న. నిట్టనిలువుగా ఒక కర్ర పాతి దాని నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా పడిన క్షణమే ఆ ఊరి మధ్యాహ్నం. కార్వేటినగరం సుమారు 79½ డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం 82½ డిగ్రీలు. అది ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూరు సమీపంగాను, మన వైపు కాకినాడకు దగ్గరగాను పోతున్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కనుక కార్వేటినగరపు మధ్యాహ్నం సగటున గడియారపు 12 గంటల 12 నిమిషాలకు వస్తుంది. సగటున అనడం ఎందుకంటే భూమి సూర్యుని చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని అక్షం కూడా వాలి ఉన్నది. అందుచేత ఫిబ్రవరి రెండవ వారంలో మధ్యాహ్నం 12 గంటల 26 నిమిషాల వరకు జరుగుతుంది, నవంబరు మొదటి వారంలో 11 గంటల 56 నిమిషాలకే వస్తుంది. విద్యార్థులు ఏడాది పాటు వారానికొకసారి ఈ కొలత తీసుకొంటే పుస్తకంలోని పటం కంటె చక్కని పటం వారే గీయగలరు.

ఊరికొక మధ్యాహ్నం ఉన్న రోజులలో చిక్కేమీ లేదు. రైలు వచ్చిన తరువాత చిక్కు వచ్చింది. పుత్తూరు మీదుగా మద్రాసు నుండి ఉత్తరానికి రైళ్లు నడిచిన 19వ శతాబ్దంలో, రైల్వేలు మద్రాసు నక్షత్రశాల కాలాన్ని పాటించేవి. అది గ్రీన్విచ్ కంటె సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుండి 5 గంటల 30 నిమిషాల ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. కలకత్తా తన కాలాన్ని 1948 వరకు, బొంబాయి 1955 వరకు పూర్తిగా వదలలేదు. నేడు ఈ కాలాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం పరమాణు గడియారాలతో కాపాడుతున్నది.

ఆ అరగంట రిలేల విషయంలో చిన్న తలనొప్పి తెచ్చింది. ప్రపంచంలో అధిక భాగం దేశాలు గ్రీన్విచ్ నుండి పూర్ణ గంటల తేడాలో ఉన్నవి. అందుచేత కాలసంకేతాలను రూపొందించినవారు గంటల తేడాతో పాటు, అరగంట కలపాలా వద్దా అని తెలిపే ప్రత్యేకమైన గుర్తును కూడా చేర్చవలసి వచ్చింది.

ఆకాశం నుండి వేళ

నేడు సబ్‌స్టేషను కప్పుపై పుట్టగొడుగు వంటి చిన్న ఆంటెన్నా కనిపిస్తుంది. అది జి.పి.యస్. ఉపగ్రహాల సంకేతాలను అందుకొంటుంది. ఆ ఉపగ్రహాలలో పరమాణు గడియారాలు ఉన్నవి. దారి చూపడం వాటి ప్రసిద్ధమైన పని అయినా, అసలు అవి పంపేది వేళనే. దూరాన్ని ఆ వేళల తేడా నుండి లెక్కగడతారు. ఆంటెన్నా నుండి వచ్చే తీగ గదిలోని ప్రధాన గడియారానికి చేరుతుంది. అది రిలేలన్నింటికీ వేళను పంచుతుంది. తీగలో సంకేతం మీటరుకు సుమారు 5 నానో సెకన్లు ఆలస్యమవుతుంది. 100 మీటర్ల తీగకు అర మైక్రో సెకను. నమోదుల వరకైతే ఇది లెక్కలోనిది కాదు గాని, ఇంకా సూక్ష్మమైన పనులకు సరిచేసుకొంటారు.

పంచే పద్ధతులలో పేరుపొందినది ఐరిగ్-బి సంకేతం. క్షిపణి ప్రయోగ క్షేత్రాలలోని వేర్వేరు పరికరాల నమోదులను సరిపోల్చడానికి అమెరికాలో దీనిని రూపొందించారు. దాని మొదటి ప్రమాణం 1960లో వచ్చింది. సంకేతం చాల సరళమైనది. సెకనుకు 100 స్పందనలు వస్తాయి, ఒక్కొక్కదానికి 10 మిల్లీ సెకన్ల స్థలం. స్పందన 2 మిల్లీ సెకన్లు నిలిస్తే సున్న, 5 నిలిస్తే ఒకటి, 8 నిలిస్తే అది స్థానాన్ని తెలిపే గుర్తు. రెండు గుర్తులు పక్కపక్కన వస్తే, రెండవది మొదలైన క్షణమే కొత్త సెకను ఆరంభం. సెకన్లకు 1, 2, 4, 8, 10, 20, 40 విలువలు గల ఏడు స్థానాలు ఉన్నవి. 47వ సెకను చెప్పాలంటే 40, 4, 2, 1 స్థానాలలో ఒకటి, మిగిలిన వాటిలో సున్న పంపుతారు. నిమిషాలకు, గంటలకు, సంవత్సరంలో ఎన్నవ రోజు అన్నదానికీ ఇదే పద్ధతి. తరగతి గదిలో దరువు వేసి చూపదగిన పాఠమిది.

అయితే పాత రూపంలోని ఈ సంకేతంలో సంవత్సరం లేదు. రోజుల లెక్క మాత్రమే ఉన్నది. 60వ రోజు లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29, ఇతర సంవత్సరాలలో మార్చి 1. రిలేలో సంవత్సరం తప్పుగా వేసి ఉంటే, వేళ మైక్రో సెకను వరకు సరిగా ఉండి తేదీ మాత్రం ఒక రోజు తప్పవచ్చును! తరువాత వచ్చిన విస్తృత రూపంలో సంవత్సరం, ప్రామాణిక కాలంతో తేడా, గడియారపు విశ్వసనీయత, వేసవి వేళ సూచనలు చేర్చారు.

రెండవ మార్గం కంప్యూటరు వలల ద్వారా వేళ అడిగి తెలుసుకొనడం. ఎన్.టి.పి. అనే ఈ పద్ధతిలో రిలే ప్రశ్న పంపుతుంది, గడియారం జవాబు ఇస్తుంది, రానుపోను పట్టిన కాలంలో సగాన్ని ఆ జవాబులోని వేళకు కలుపుతారు. ప్రయాణం రెండు వైపులా సమానంగా పట్టిందన్న ఊహ మీద ఇది ఆధారపడి ఉన్నది కనుక మిల్లీ సెకన్ల వరకే దీనిని నమ్మవచ్చు. పి.టి.పి. అనే మూడవ పద్ధతిలో మార్గంలోని స్విచ్చులు కూడా తమ వద్ద జరిగిన ఆలస్యాన్ని కొలిచి చెబుతాయి. అందువల్ల మైక్రో సెకను లోపలి నిక్కచ్చితనం సాధ్యమవుతుంది.

ఈ మూడింటిలో ప్రవహించే వేళ ఒకటే అనుకొంటే పొరపాటు. ఎన్.టి.పి. ఎల్లప్పుడు ప్రపంచ ప్రామాణిక కాలమైన యు.టి.సి.ని ఇస్తుంది, రిలే దానికి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. ఐరిగ్-బిలో ప్రధాన గడియారాన్ని ఎట్లా అమరిస్తే అట్లా, యు.టి.సి. గాని భారత కాలం గాని రావచ్చు. భారత కాలమే వస్తున్నప్పుడు రిలేలో కూడా 5.30 వేసి ఉంటే తేడా రెట్టింపవుతుంది. పి.టి.పి. మూలంగా పంపేది పరమాణు కాలం, అది యు.టి.సి. కంటె 37 సెకన్లు ముందున్నది. జి.పి.యస్. సొంత కాలం యు.టి.సి. కంటె 18 సెకన్లు ముందు. భూభ్రమణం మందగించినప్పుడల్లా యు.టి.సి.కి లీపు సెకను చేర్చుతూ వచ్చారు. చివరిది 2016 డిసెంబరు 31న చేర్చారు. ఈ 18 సెకన్ల సమాచారం ఉపగ్రహం నుండి పూర్తిగా అందడానికి 12½ నిమిషాల వరకు పట్టవచ్చు. కొన్ని గడియారాలు అప్పుడే ఆన్ చేసినప్పుడు ఆ కొద్దిసేపు 18 సెకన్లు ముందుగా చూపేది అందుకే. మొదటి ఉదాహరణలోని 18 సెకన్ల తేడా స్ఫటికపు నడక వల్ల వచ్చిందా, దీనివల్ల వచ్చిందా అంటే దిశ చూడాలి. అక్కడ రిలే వెనుకబడి ఉన్నది గనుక ఇది కారణం కాదు.

వేసవిలో గంట ముందుకు

ఇక మూడవ రిలేలోని సరిగ్గా ఒక గంట తేడా సంగతి. గడియారం దానంతట అది సరిగ్గా గంట తప్పదు. అది మనిషి చేసిన అమరిక.

ఉత్తర దేశాలలో వేసవి పగలు చాల పొడవు. లండనులో జూన్ చివర పగలు 16½ గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటలు కూడా ఉండదు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపితే జనం పెందలకడనే లేచి, సాయంకాలపు వెలుతురును వాడుకొంటారని న్యూజిలాండు కీటక శాస్త్రజ్ఞుడు జార్జి హడ్సన్ 1895లోను, ఇంగ్లండులో విలియం విల్లెట్ 1907లోను సూచించారు. దేశం మొత్తానికి దీనిని అమలు చేయడంలో జర్మనీ 1916 ఏప్రిల్ 30న ముందడుగు వేసింది. యుద్ధకాలంలో బొగ్గు ఆదా దాని ఉద్దేశం. కార్వేటినగరం అక్షాంశంలో అత్యధిక పగలు సుమారు 12 గంటల 54 నిమిషాలు, అత్యల్పం 11 గంటల 20 నిమిషాలు. గంటన్నర తేడా కోసం గడియారం జరపడం దండుగ. మన దేశంలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, గడియారాలను గంట ముందుకు జరిపి ఉంచారు. ఊళ్లలో పెద్దలు దానిని యుద్ధపు వేళ అనేవారు. అది ఋతువును బట్టి మార్చినది కాదు.

అమెరికాలో 2007 నుండి మార్చి రెండవ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారం 3కు దూకుతుంది, నవంబరు మొదటి ఆదివారం 2 నుండి 1కి వెనుకకు వస్తుంది. న్యూజెర్సీలోని తెలుగువారు ఇంటికి ఫోను చేసే వేళ ఏటా రెండుసార్లు మారడం ఇందువల్లనే. తేడా చలికాలంలో 10½ గంటలు, వేసవిలో 9½ గంటలు. రిలే ఇంజనీరుకు నవంబరు ఆదివారం గడ్డు రోజు. ఆ తెల్లవారుజామున 1 నుండి 2 వరకు గల గంట రెండుసార్లు వస్తుంది. 1 గంట 30 నిమిషాలకు ఫీడరు తెగిందని వ్రాసి ఉంటే మొదటి ఒకటిన్నరా, రెండవదా? మార్చిలో దీనికి విరుద్ధంగా, రెండు గంటల పది నిమిషాలు అనే వేళే ఉండదు. 2007కు పూర్వం అక్కడ ఏప్రిల్ మొదటి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మార్పు జరిగేది. ఆ పాత నియమం లోపల పెట్టుకొని ఉన్న రిలేలను చట్టం మారినప్పుడు ఒక్కొక్కదాన్ని సరిచేయవలసి వచ్చింది. శాసనసభ చట్టం మారిస్తే యంత్రం తెలుసుకోదు గదా.

దేశ దేశాలకు పంపే రిలేలలో అన్ని దేశాల అమరికలూ ఉంటాయి. వేసవి వేళ సదుపాయం అట్లాంటిదే. అది మన దేశంలో మూసి ఉండవలె. పొరపాటున తెరిచి ఉంటే, ఆ రిలే ఏడాదిలో కొన్ని నెలలు సక్రమంగా ఉండి, మార్చిలో ఒక ఆదివారం నుండి నిశ్శబ్దంగా గంట ముందుకు పోతుంది. డిసెంబరులో తనిఖీ చేసినవారికి ఏ దోషమూ కనబడదు! ప్రారంభ పరీక్షలు చలికాలంలో జరిగిన సబ్‌స్టేషనులో ఈ తప్పు బయటపడడానికి ఒక గాలివాన రావలసి ఉంటుంది. వేసవి వేళ పాటించే దేశాలలో ఇంకొక ప్రమాదం ఉన్నది: ప్రధాన గడియారం గంట కలిపి పంపుతుంది, రిలే తన పంచాంగం ప్రకారం తానూ ఒక గంట కలుపుతుంది. అందుకే పెద్ద వ్యవస్థలలో రిలేలన్నింటినీ ఏడాది పొడుగునా యు.టి.సి.లోనే ఉంచి, మనిషి చదివే తెర మీద మాత్రమే స్థానిక కాలం చూపే పద్ధతి మేలైనది. మన దేశంలో ఒకే కాలం, మార్పు లేని కాలం గనుక భారత ప్రామాణిక కాలాన్ని వాడినా నష్టం లేదు. అయితే అందరూ దానినే వాడాలి.

మైక్రో సెకను ఖరీదు

నమోదులకే గాక రక్షణకే గడియారం అవసరమైన సందర్భాలు ఇటీవల పెరుగుతున్నవి. లైను రెండు చివరల ప్రవాహాన్ని పోల్చి చూసే రిలేలు కొన్ని రెండు చివరల గడియారాలను నమ్ముకొంటాయి. 20 మిల్లీ సెకన్లకు 360 డిగ్రీలు గనుక 1 మిల్లీ సెకను అంటే 18 డిగ్రీలు. రెండు గడియారాలు అంత తేడాపడితే, లైను ఆరోగ్యంగా ఉన్నా ప్రవాహంలో సుమారు 31 శాతం ఎక్కడికో పోతున్నట్లు రిలేకు భ్రమ కలుగుతుంది. రెండుసార్లు సైన్ 9 డిగ్రీలు లెక్కగట్టి విద్యార్థులు దీనిని సరిచూడవచ్చు.

లోపం ఎక్కడ ఉన్నదో కనుగొనే పద్ధతి మరింత రమ్యమైనది. తీగపై పిడుగు పడినప్పుడు అక్కడి నుండి విద్యుత్తరంగం రెండు వైపులకూ దాదాపు కాంతి వేగంతో, మైక్రో సెకనుకు 300 మీటర్లు పోతుంది. 100 కిలోమీటర్ల లైను మొదటి చివరకు అది రెండవ చివర కంటె 100 మైక్రో సెకన్లు ముందు చేరిందనుకొనండి. ఆ కాలంలో తరంగం 30 కిలోమీటర్లు పోతుంది. కనుక లోపం మొదటి చివర నుండి 100లో 30 తీసివేసి సగం చేయగా వచ్చిన 35 కిలోమీటర్ల వద్ద ఉన్నది. గడియారాల తేడా 1 మైక్రో సెకను అయితే పొరపాటు 150 మీటర్లు, అంటే ఒక స్తంభం అటో ఇటో. తేడా 1 మిల్లీ సెకను అయితే పొరపాటు 150 కిలోమీటర్లు. లోపం లైను దాటి వేరే జిల్లాలో ఉన్నట్లు లెక్క వస్తుంది. శేషాచలం వంటి అడవి కొండలలో రాత్రివేళ లైను వెంట నడిచి వెదకే సిబ్బందికి ఈ తేడా ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. వర్జీనియాలో అరుణ్ ఫడ్కే, జేమ్స్ థార్ప్ 1988లో రూపొందించిన ఫేజరు కొలత పరికరాలు కూడా ఈ నిక్కచ్చితనం మీదే ఆధారపడినవి. దేశమంతటా అవి ఒకే క్షణాన కొలిచి పంపే కోణాలను బట్టి గ్రిడ్డు ఎంత ఒత్తిడిలో ఉన్నదో కంట్రోలు గదిలో చూస్తారు.

సరిచూచుట

తెర మీద మిల్లీ సెకన్లు కనబడినంత మాత్రాన గడియారం మిల్లీ సెకను వరకు సరియైనదని కాదు. స్కేలు మీద గీతలు సన్నగా గీసినంత మాత్రాన ఆ స్కేలు సరియైన పొడవు గలది కాదు గదా. కనుక అమరికలు వేసిన తరువాత పరీక్ష అవసరం. ముందుగా రిలే బయటి సంకేతానికి కట్టుబడి ఉన్నదా లేదా అని చూపే గుర్తును చదువుతారు. ఆంటెన్నా తీగ విప్పి, ఆ గుర్తు మారి హెచ్చరిక వస్తున్నదా అని చూస్తారు. పక్షులు, తేనెతుట్టెలు, కొత్తగా కట్టిన నీళ్ల తొట్టి ఆంటెన్నాకు ఆకాశాన్ని మరుగుపరచవచ్చు, హెచ్చరిక లేకపోతే ఆ సంగతి నెలల తరబడి తెలియదు.

పాత జి.పి.యస్. గడియారాలకు మరొక బలహీనత ఉన్నది. ఉపగ్రహం వారాల లెక్కను 1024 వరకే పెట్టి, మళ్లీ సున్న నుండి మొదలుపెడుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, భారత కాలం ప్రకారం 2019 ఏప్రిల్ 7 ఉదయం 5½ గంటల వేళ మరొకసారి ఆ లెక్క తిరిగి మొదలైంది. దానికి సిద్ధపడని యంత్రాలు దాదాపు 20 ఏళ్లు వెనుకకు పోగలవు. మూడవ మలుపు 2038 నవంబరులో వస్తుంది.

తరువాత అసలు పరీక్ష. ఒకే స్విచ్చు నుండి సబ్‌స్టేషనులోని రిలేలన్నింటికీ ఒక సంకేతాన్ని ఒకేసారి అందించి, ప్రతి రిలే వేసుకొన్న కాలముద్రను పక్కపక్కన పెట్టి చూస్తారు. అవి ఒకటి రెండు మిల్లీ సెకన్ల లోపల కలవాలి. ఒక రిలే మాత్రం ఎల్లప్పుడూ 8, 10 మిల్లీ సెకన్లు ఆలస్యంగా వ్రాస్తుంటే గడియారాన్ని నిందించడానికి ముందు దాని ప్రవేశద్వారాన్ని చూడాలి. లోహపు ముక్కలు కలిసేటప్పుడు కొద్దిగా ఎగిరెగిరి పడతాయి. ఆ ఎగురుడును సంఘటనగా భ్రమించకుండా రిలే కొన్ని మిల్లీ సెకన్లు ఆగి చూసి అప్పుడు వ్రాసుకొంటుంది. ఈ ఆగే కాలం రిలే రిలేకూ వేరుగా వేసి ఉండవచ్చు. మధ్యలో సహాయక రిలే ఉంటే దాని కదలికకు పట్టే కాలం కూడా చేరుతుంది. తేడా అయిదున్నర గంటలైతే కాలమండలం రెండుసార్లు కలిసింది, లేక కలవనే లేదు. సరిగ్గా గంట అయితే వేసవి వేళ. 18 లేక 37 సెకన్లయితే లీపు సెకన్ల సమాచారం అందలేదు. సరిగ్గా ఒక రోజు అయితే సంవత్సరం తప్పు వేశారు. ఏ లెక్కకూ అందని తేడా, రోజురోజుకూ మారే తేడా కనబడితే ఆ రిలేకు సంకేతం చేరడమే లేదు. తీగ వెనుక బిగింపు వదులైందేమో చూడాలి.